ట్రీనోతో మండలాల డేటా: నాలుగు మెషీన్ల మీద క్లస్టర్, తప్పు లెక్క చెప్పని క్వెరీలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పంటల డేటాతో పనిచేసేవాళ్లకి మొదట ఎదురయ్యే చిక్కు డేటా ఎక్కువై కాదు, ఒక్కచోట లేక. పొలాల పచ్చదనం సూచిక ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన పార్కే (డేటాని కాలమ్ వారీగా దాచే ఫార్మాట్) ఫైళ్లలో ఉంటుంది. గంటగంటకీ వచ్చే వర్షపాతం సీఎస్‌వీ ఫైళ్లలో, మండలాల పట్టిక పోస్ట్‌గ్రెస్‌లో, జీడిపిక్కల కొనుగోళ్లు మైఎస్‌క్యూఎల్‌లో ఉంటాయి. అన్నిటినీ ఒక డేటాబేస్‌లోకి ఎక్కించకుండా, ఉన్నవి ఉన్నచోటే ఉంచి ఒకే ఎస్‌క్యూఎల్‌తో ప్రశ్న అడగడానికి పనికొచ్చేది ట్రీనో. అది డేటా దాచుకోదు. కనెక్టర్ల ద్వారా చదువుతుంది, పనిని ముక్కలు చేసి వర్కర్లకి, అంటే లెక్కలు చేసే మెషీన్లకి, పంచుతుంది, మెమరీలోనే లెక్క కట్టి జవాబు ఇస్తుంది.

అసలు మీకు ఇది అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. ఇప్పుడు శ్రీకాకుళంలో 30, విజయనగరంలో 27 మండలాలున్నాయి. మండలానికొక కేంద్రం చొప్పున గంటవారీ వాన లెక్క ఏడాదికి 4,99,320 వరసలు. దీన్ని ఒక్క పోస్ట్‌గ్రెస్ ఏ ఇబ్బందీ లేకుండా మోస్తుంది. అదే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో పిక్సెల్ 10 మీటర్లు. చదరపు కిలోమీటరుకి 10,000 పిక్సెళ్లు, వెయ్యి చదరపు కిలోమీటర్లకి ఒక కోటి. రెండు ఉపగ్రహాలు కలిసి 5 రోజులకోసారి చూస్తే ఏడాదికి 73 కోట్ల వరసలు, మబ్బు రోజులు తీసేయకముందు. ట్రీనో కావలసింది ఇక్కడ.

పేరు గురించి ఒక్క మాట, వెతుకులాటలో గంటలు పోకుండా. 2012లో ఫేస్‌బుక్‌లో ప్రెస్టో పేరుతో మొదలైన ఈ ఇంజిన్ 2013లో ఓపెన్ సోర్స్ అయింది. దాన్ని కట్టినవాళ్లు 2019లో ప్రెస్టోఎస్‌క్యూఎల్ అని వేరుగా నడిపి, 2020 డిసెంబరులో ట్రీనోగా పేరు మార్చారు. పాత ప్రెస్టో లైనక్స్ ఫౌండేషన్ కింద విడిగా నడుస్తోంది. కాబట్టి ప్రెస్టో కోసం రాసిన సెట్టింగును ట్రీనోలో పెట్టకండి. తనకి తెలియని సెట్టింగు ఒక్కటి కనబడినా ట్రీనో సర్వర్ లేవదు. 'ఈ ప్రాపర్టీ వాడలేదు' అని లాగ్‌లో చెప్పి ఆగిపోతుంది.

కింద సెట్టింగుల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. ఫైల్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, చుక్కలూ అడ్డగీతలూ ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి.

మెషీన్లు

క్వెరీ అందుకుని పని పంచే కోఆర్డినేటర్ ఒకటి, మూడు వర్కర్లు. ఒక్కోటీ 16 జీబీ ర్యామ్, 64 బిట్ లైనక్స్. ఎచ్చెర్ల, రాజాం, విజయనగరం వైపు ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఉండే మామూలు డెస్క్‌టాప్‌లు చాలు. నాలుగూ ఒకే గిగాబిట్ స్విచ్‌కి కేబుల్‌తో కలపాలి. వైఫై మీద వర్కర్లు నడపొద్దు. జాయిన్ (రెండు టేబుళ్లని ఒక కాలమ్ విలువ మీద కలపడం) జరిగేటప్పుడు వర్కర్ల మధ్య డేటా జీబీల్లో తిరుగుతుంది.

రూటర్‌లో నాలుగు మెషీన్లకీ ఐపీ చిరునామాలు స్థిరంగా కట్టేయండి. ల్యాబ్‌లో కరెంటు పోయి వచ్చాక కోఆర్డినేటర్‌కి కొత్త ఐపీ వస్తే వర్కర్లు దాన్ని కనుక్కోలేవు. ఒకే మెషీన్‌లో వైఫై, కేబుల్, డాకర్ బ్రిడ్జ్ అన్నీ ఉంటే వర్కర్ తన చిరునామాగా తప్పుది ప్రకటించే ప్రమాదం ఉంది. అందుకని 'నోడ్.ఇంటర్నల్-అడ్రస్'లో కేబుల్ ఐపీ రాసేయడం మంచిది. ఫైళ్లు తెరిచే పరిమితిని ట్రీనో నడిపే యూజర్‌కి 131072కి పెంచండి.

జావా వెర్షన్ విషయంలో ట్రీనో పట్టుదల ఎక్కువ. 436వ వెర్షన్ నుంచి జావా 21, 447 నుంచి జావా 22 కావాలి. ఆ తర్వాతి విడుదలల్లో ఇంకా పెరిగింది. ఎంచుకున్న వెర్షన్ ఏది అడుగుతుందో చూసి, నాలుగు మెషీన్లలోనూ అదే వేయండి.

ముందు ఒక్క మెషీన్ మీద రుచి చూడాలంటే డాకర్ ఇమేజ్ సరిపోతుంది. అందులో టీపీసీహెచ్ అనే నమూనా క్యాటలాగ్ తయారుగా ఉంటుంది. ఎస్‌ఎఫ్1 స్కీమాలో లైన్‌ఐటమ్ టేబుల్ వరసలు లెక్కిస్తే 60,01,215 రావాలి. విండోస్ మీద ట్రీనో సర్వర్ నేరుగా నడవదు కాబట్టి అక్కడ కూడా దారి డాకరే.

మూడు ఫైళ్లు, ఒక క్యాటలాగ్ ఫోల్డర్

ట్రీనో ప్యాకేజీ విప్పిన ఫోల్డర్‌లో 'ఈటీసీ' అని ఒక ఫోల్డర్ చేయండి. అందులో నోడ్ ప్రాపర్టీస్, జేవీఎం కాన్ఫిగ్, కాన్ఫిగ్ ప్రాపర్టీస్ అని మూడు ఫైళ్లు. వాటితోపాటు క్యాటలాగ్ ఫోల్డర్, అందులో ఒక్కో డేటా చోటుకి ఒక్కో ఫైలు.

నోడ్ ఫైల్లో 'నోడ్.ఎన్విరాన్‌మెంట్' అన్ని మెషీన్లలో ఒకటే, 'నోడ్.ఐడీ' దేనికదే వేరు. ఒక మెషీన్ డిస్కు కాపీ చేసి మిగతా మూడూ తయారుచేస్తే నాలుగింటికీ ఒకే ఐడీ ఉండిపోతుంది. మూడు వర్కర్లు ఉన్నా తక్కువ కనబడుతున్నాయంటే మొదట చూడాల్సింది ఇదే. లాగ్, పీఐడీ ఫైళ్ల కోసం 'నోడ్.డేటా-డిర్'ని ప్యాకేజీ బయట పెట్టండి, వెర్షన్ మార్చినప్పుడు పోకుండా.

కాన్ఫిగ్ ఫైల్లో కోఆర్డినేటర్ మీద 'కోఆర్డినేటర్' ట్రూ, వర్కర్ల మీద ఫాల్స్. 'నోడ్-షెడ్యూలర్.ఇంక్లూడ్-కోఆర్డినేటర్' ఫాల్స్ ఉంచండి, అప్పుడు కోఆర్డినేటర్ ప్లాన్ వేసే పనే చూసుకుంటుంది. ఒక్క మెషీన్ మీదే అన్నీ నడుపుతుంటే మాత్రం ట్రూ ఉండాలి. లేకపోతే క్వెరీ 5 నిమిషాలు ఎదురుచూసి, తగినన్ని వర్కర్లు లేవని చెప్పి చచ్చిపోతుంది. పోర్టు 8080. 'డిస్కవరీ.యూఆర్ఐ'లో నాలుగు మెషీన్ల మీదా కోఆర్డినేటర్ చిరునామానే రాయాలి.

లాంచర్‌ని మొదటిసారి 'స్టార్ట్'తో కాకుండా 'రన్'తో నడపండి, తప్పులు తెర మీదే కనబడతాయి. 'సర్వర్ స్టార్టెడ్' అన్న వరస వచ్చిందంటే లేచినట్టు. నాలుగూ లేచాక కమాండ్ లైన్ క్లయింట్ నుంచి సిస్టమ్ క్యాటలాగ్, రన్‌టైమ్ స్కీమాలోని నోడ్స్ టేబుల్ చూడండి. నాలుగు వరసలు, నాలుగూ యాక్టివ్ అని ఉండాలి.

మెమరీ

ఎక్కువ క్లస్టర్లు ఇక్కడే పడిపోతాయి. కాబట్టి అంకెలతో చూద్దాం.

16 జీబీ మెషీన్‌లో జావా హీప్‌కి (జావా తన డేటా పెట్టుకునే మెమరీకి) 12 జీబీ ఇవ్వండి, అంటే 75 శాతం. మిగతాది ఆపరేటింగ్ సిస్టమ్‌కీ, హీప్ బయట జావా వాడుకునేదానికీ కావాలి. 15 జీబీ ఇస్తే ట్రీనో బాగానే లేస్తుంది, పెద్ద క్వెరీ వచ్చినరోజు లైనక్స్ కెర్నెలే ఆ ప్రాసెస్‌ని చంపేస్తుంది. అలాంటప్పుడు ట్రీనో లాగ్‌లో ఏమీ దొరకదు, కెర్నెల్ లాగ్ చూడాలి.

ఆ 12 జీబీలో ఒక క్వెరీ ఒక వర్కర్ మీద వాడుకోగలిగేది డిఫాల్ట్‌గా 30 శాతం, అంటే 3.6 జీబీ. ఇది 'క్వెరీ.మ్యాక్స్-మెమరీ-పర్-నోడ్'. లెక్కకి అందని వాడకాల కోసం మరో 30 శాతం 'మెమరీ.హీప్-హెడ్‌రూమ్-పర్-నోడ్' కింద పక్కన ఉంటుంది. మొత్తం క్లస్టర్‌కి 'క్వెరీ.మ్యాక్స్-మెమరీ' డిఫాల్ట్ 20 జీబీ. కానీ మూడు వర్కర్ల మీద 3.6 చొప్పున 10.8 జీబీయే కదా, కాబట్టి ఆ 20ని 40 చేసినా ఒరిగేదేమీ లేదు. పెంచాల్సింది నోడ్ పరిమితి. ఒకరిద్దరే వాడే క్లస్టర్ అయితే 6 జీబీ దాకా పెంచవచ్చు. 9 చేస్తే 9, 3.6 కలిసి 12.6 అవుతుంది, హీప్ దాటింది. మెమరీ కాన్ఫిగరేషన్ చెల్లదని సర్వర్ లేవనే లేవదు.

ఎర్రర్‌లో 'పర్ నోడ్' అని ఉందా, 'డిస్ట్రిబ్యూటెడ్' అని ఉందా చూడండి. పర్ నోడ్ పరిమితి దాటిందంటే చాలాసార్లు పని సమానంగా పంచబడలేదని అర్థం. మండలం తెలియని వరసలన్నిటికీ ఎవరో '0' అని కోడ్ పెట్టి ఉంటారు. జాయిన్ చేస్తే ఆ కోడ్ వరసలన్నీ ఒకే వర్కర్ నెత్తిన పడతాయి, మిగతా రెండూ ఖాళీగా కూర్చుంటాయి. మెమరీ పెంచేముందు జాయిన్ కీ మీద గ్రూప్ చేసి, ఎక్కువ వరసలున్న మొదటి పది విలువలు చూడండి.

క్యాటలాగ్‌లు

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఫైళ్లలో కనెక్టర్ పేరు, జేడీబీసీ చిరునామా, యూజర్, పాస్‌వర్డ్, అంతే. ఆ యూజర్‌కి చదివే హక్కు ఒక్కటే ఇవ్వండి. ఆబ్జెక్ట్ స్టోరేజి (ఎస్3 లాంటి ఫైళ్ల నిల్వ)లోని ఫైళ్ల కోసం హైవ్ మెటాస్టోర్, అంటే ఏ టేబుల్ ఫైళ్లు ఎక్కడున్నాయో రాసుకునే సర్వీసు, ఒకటి నడవాలి, పోర్టు 9083. దాన్ని చూపిస్తూ రెండు క్యాటలాగ్‌లు పెట్టండి: సీఎస్‌వీ చదవడానికి హైవ్ కనెక్టర్, శాశ్వత టేబుళ్లకి ఐస్‌బర్గ్ (ఫైళ్లని టేబుల్‌గా నిర్వహించే ఫార్మాట్) కనెక్టర్. మీ సొంత ఎస్3 తరహా స్టోరేజి అయితే 'ఎస్3.పాత్-స్టైల్-యాక్సెస్' ట్రూ చేయడం మరవకండి.

హైవ్‌లో సీఎస్‌వీ టేబుల్ కాలమ్స్ అన్నీ వార్‌క్యార్‌గానే (టెక్స్ట్ టైపు) ఉండాలి, వేరే టైపు ఒప్పుకోదు. ఎక్స్‌టర్నల్ లొకేషన్ ఫోల్డర్‌ని చూపాలి, ఫైల్‌ని కాదు. అండర్‌స్కోర్‌తో గానీ చుక్కతో గానీ మొదలయ్యే పేరున్న ఫైళ్లని హైవ్ కనెక్టర్ చూడదు. ఒక రోజు డేటా మాయమైందంటే ముందు ఫైలు పేరు చూడండి. శీర్షిక వరస ఉంటే 'స్కిప్ హెడర్ లైన్ కౌంట్' 1 పెట్టండి.

ఇక ఆ టేబుల్ నుంచి ఐస్‌బర్గ్‌లోకి మార్చేటప్పుడు అంకెలకి 'కాస్ట్' బదులు 'ట్రై_కాస్ట్' వాడండి. వాన కాలమ్‌లో ఎక్కడో ఒక '-' ఉంటే కాస్ట్ మొత్తం క్వెరీని పడగొడుతుంది, ట్రై_కాస్ట్ అక్కడ నల్ (విలువ లేదన్న గుర్తు) పెడుతుంది. కానీ నల్‌లు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టకుండా ముందుకు పోకూడదు. ఖాళీకీ సున్నా వానకీ తేడా పోయిందంటే ఆ తర్వాత చేసేదంతా దండగ.

మండలానికి రోజుకొక ఫైలు చొప్పున వస్తే 57 మండలాలకి ఏడాదికి 20,805 ఫైళ్లు, ఒక్కోదాంట్లో 24 వరసలు. ఇలాంటి వాటిలో చదవడం కంటే తెరవడానికే ఎక్కువ సమయం పోతుంది. ఐస్‌బర్గ్ టేబుల్‌ని సమయం కాలమ్ మీద నెలవారీ పార్టిషన్‌తో (ఒక్కో నెల డేటా విడిగా ఉండేలా), పార్కే ఫార్మాట్‌లో చేసుకోండి. రోజూ కొత్త డేటా చేరుస్తుంటే వారానికోసారి ఆ టేబుల్ మీద 'ఆప్టిమైజ్' నడిపితే చిన్న ఫైళ్లు కలిసిపోతాయి. పాత స్నాప్‌షాట్‌లు (టేబుల్ వెనకటి స్థితులు) తీసేసే కమాండ్‌కి డిఫాల్ట్‌గా 7 రోజులకన్నా తక్కువ గడువు ఇస్తే ఒప్పుకోదు.

జాయిన్ కోడ్ మీద, పేరు మీద కాదు

లక్ష్మీనర్సుపేట మండలాన్ని ఒక ఫైల్లో పూర్తి పేరుతో, ఇంకోదాంట్లో ఎల్.ఎన్.పేట అని రాస్తారు. ఆ తేడా కంటికి కనబడుతుంది కాబట్టి నయం. కనబడనిది ఇంకోటుంది. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత వెడల్పు లేని ఒక అక్షరం చేరుస్తాయి, తర్వాతి హల్లు వత్తుగా మారకుండా. తెర మీద రెండు పేర్లూ అచ్చం ఒకేలా ఉంటాయి. 'లెంగ్త్' అడగండి: మామూలు ఎల్.ఎన్.పేటకి 11, ఆ అక్షరం రెండుచోట్ల చేరినదానికి 13. జాయిన్‌లో ఈ రెండూ కలవవు, ఎర్రర్ రాదు, ఆ మండలం ఫలితంలోంచి నిశ్శబ్దంగా జారిపోతుంది. దాని యూనికోడ్ సంఖ్య 8204. 'రిప్లేస్' ఫంక్షన్‌లో 'సీహెచ్ఆర్' 8204ని ఖాళీతో మార్చేస్తే పోతుంది. పైడిభీమవరం లాంటి పేర్లలోని ఐత్వం యూనికోడ్‌లో ఒకే అక్షరంగానూ ఉండవచ్చు, రెండు ముక్కలుగానూ ఉండవచ్చు. రెంటినీ ఒకే రూపానికి తెచ్చే 'నార్మలైజ్' ఫంక్షన్ ఉంది. ఈ రెండూ, వాటితోపాటు 'ట్రిమ్', డేటా లోపలికి వచ్చేటప్పుడే ఒకసారి నడిపి, పేరుని కోడ్‌గా మార్చి, అక్కడినుంచి కోడ్‌తోనే పని చేయండి.

కోడ్ వాడమనడానికి వేగం కూడా కారణం. మైఎస్‌క్యూఎల్ కనెక్టర్ వార్‌క్యార్ కాలమ్ మీద పెట్టిన షరతుని మైఎస్‌క్యూఎల్‌కి పంపదు, ఎందుకంటే పెద్ద చిన్న అక్షరాల తేడాని ఆ డేటాబేస్ వేరేగా చూసి జవాబు మారిపోవచ్చు. కాబట్టి మండలం పేరు పలాస అని అడిగితే జీడిపిక్కల కొనుగోళ్ల టేబుల్ మొత్తం నెట్‌వర్క్ మీద ట్రీనోలోకి వచ్చి, ఇక్కడ వడకట్టబడుతుంది. మండలం కోడ్ అంకె అయితే షరతు అక్కడే అమలై, కావలసిన వరసలే వస్తాయి. పోస్ట్‌గ్రెస్ కనెక్టర్ టెక్స్ట్ మీద సమానం అన్న షరతుని ఆ డేటాబేస్‌కి పంపుతుంది గానీ, డిఫాల్ట్‌గా ఎక్కువ తక్కువ పోలికలని పంపదు. ఏ షరతు డేటాబేస్‌కి వెళ్లిందో 'ఎక్స్‌ప్లెయిన్' (క్వెరీ ప్లాన్ చూపే కమాండ్) చెబుతుంది: టేబుల్ స్కాన్ దగ్గర ఫిల్టర్ విడిగా కనబడితే ఆ షరతు ట్రీనోలో నడుస్తున్నట్టు.

జిల్లా కాలమ్ విషయంలో ఇంకా జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతకుముందు శ్రీకాకుళంలో 38 మండలాలు. రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస విజయనగరంలోకి వెళ్లాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. జిల్లా పేరు మీద గ్రూప్ చేసి 2021తో 2023ని పోలిస్తే శ్రీకాకుళంలో సాగు పడిపోయినట్టు కనబడుతుంది. పడిపోయింది సాగు కాదు, ఎనిమిది మండలాలు లెక్కలోంచి తప్పుకున్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో మండలం కోడ్, జిల్లా, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు అని నాలుగు కాలమ్స్‌తో ఒక పట్టిక పెట్టండి. ఇప్పటికీ నడుస్తున్నవాటికి చివరి తేదీ నల్ వద్దు, 9999-12-31 పెట్టండి, షరతు సాఫీగా రాయవచ్చు. అప్పటి జిల్లా కావాలంటే కోడ్‌తోపాటు తేదీ ఆ మధ్యలో ఉండాలన్న షరతుతో జాయిన్ చేయండి. ఏళ్ల మధ్య పోలిక కావాలంటే అన్ని ఏళ్లకీ ఈరోజు సరిహద్దులే వాడండి. ఏది వాడారో రిపోర్టు మీద రాయండి.

వాన రోజు

మన వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు ఉదయం 8:30కి మారుతుంది. నిన్న 8:30 నుంచి ఇవాళ 8:30 దాకా కురిసింది ఇవాళ్టి తేదీన పడుతుంది. సమయం కాలమ్ భారత సమయంలో ఉంటే దానికి 15 గంటల 30 నిమిషాలు కలిపి తేదీ తీయాలి, యూటీసీలో ఉంటే 21 గంటలు. గంట పూర్తయ్యాక వేసే ముద్ర అయితే ముందు ఒక సెకను తగ్గించండి, లేకపోతే సరిగ్గా 8:30 రీడింగు మర్నాటికి పోతుంది.

ఇలా కాలమ్‌కి గంటలు కలిపి రాసిన షరతుతో ట్రీనో నెల పార్టిషన్‌లని వదిలేయలేదు, టేబుల్ మొత్తం చదువుతుంది. అందుకని అదే క్వెరీ 'వేర్' షరతుల్లో ముడి సమయం కాలమ్ మీద కూడా ఒక రోజు అటూ ఇటూ వదులుతో మామూలు హద్దు రాయండి. ఇంకోటి, 'కరెంట్_డేట్' క్లయింట్ టైమ్‌జోన్‌ని బట్టి వస్తుంది. క్లయింట్ మెషీన్ యూటీసీలో ఉంటే తెల్లవారుజామున 5:30 దాకా నిన్నటి తేదీయే చెబుతుంది. క్లయింట్‌కి టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా అని ఇచ్చేయండి.

క్వెరీ మెల్లగా ఉంటే

పిక్సెల్ టేబుల్‌ని గంటవారీ వానతో మండలం కోడ్, తేదీ మీద నేరుగా జాయిన్ చేశారనుకోండి. ఒక్క చిత్రంలోని కోటి వరసలు 24 కోట్లవుతాయి. నిదానమే కాదు, ఆ తర్వాత వేసిన మొత్తాలు కూడా తప్పే. వానని ముందు రోజుకి, మండలానికి కూడండి. పిక్సెళ్లని ముందు చిత్రానికి, మండలానికి సగటు తీయండి. ఆ తర్వాత జాయిన్ చేస్తే రెండు పక్కలా వరసలు చాలా తక్కువే ఉంటాయి.

'అనలైజ్' నడిపి టేబుల్ గణాంకాలు ఇవ్వండి. అవి ఉంటేనే ట్రీనో ఏది చిన్న టేబులో గుర్తించి, దాన్ని అన్ని వర్కర్లకీ పంపే పద్ధతిని ఎంచుకోగలదు. ఆ పద్ధతికి డిఫాల్ట్ హద్దు 100 ఎంబీ. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ టేబుళ్లని ఒకే కనెక్షన్‌తో చదువుతుంది, వర్కర్లు పెంచినా అది వేగం కాదు. ఆ టేబుల్ కోట్లలోకి పోతే ఐస్‌బర్గ్‌లోకి కాపీ చేసుకోండి. ఎన్ని రకాల విలువలున్నాయో ఉజ్జాయింపుగా చాలంటే 'అప్రాక్స్_డిస్టింక్ట్' వాడండి, ప్రామాణిక దోషం 2.3 శాతం, మెమరీ చాలా తక్కువ.

శాతం లెక్కల్లో సున్నాలే వస్తుంటే కంగారు పడకండి. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే ట్రీనో పూర్ణాంకమే ఇస్తుంది, 7 బై 2 అంటే 3. పైదాన్ని ముందు 100.0తో గుణించండి.

నడపడంలో

పెట్టగానే ట్రీనోకి పాస్‌వర్డ్ ఉండదు. 8080 పోర్టు అందిన ఎవరైనా ఏ పేరుతోనైనా లోపలికి వచ్చేస్తారు. ఆ పోర్టుని ఇంటర్నెట్‌కి తెరవొద్దు. పాస్‌వర్డ్ పెట్టాలంటే హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి, అలాగే నాలుగు మెషీన్ల మీదా ఒకే 'ఇంటర్నల్-కమ్యూనికేషన్.షేర్డ్-సీక్రెట్' ఉండాలి. అది పెట్టాక మెషీన్ల గడియారాలు కూడా కలిసి ఉండాలి, టైమ్ సింక్ ఆన్ చేయండి.

మామూలుగా క్వెరీ మధ్యలో ఒక్క వర్కర్ పోయినా క్వెరీ మొత్తం పోతుంది, మళ్లీ మొదటినుంచీ నడపాలి. తుపాను రోజుల్లో కరెంటు నిలకడ ఉండని చోట్ల రాత్రిపూట నడిచే పెద్ద పనులకి 'రీట్రై-పాలసీ' టాస్క్ అని పెట్టవచ్చు. దానికి మధ్యలో తేలిన ఫలితాలు దాచే ఎక్స్ఛేంజ్ మేనేజర్‌ని ఆబ్జెక్ట్ స్టోరేజి మీద అమర్చాలి. చిన్న క్వెరీలు దీనితో కాస్త నెమ్మదిస్తాయి. కోఆర్డినేటర్ పోతే మాత్రం ఇది కాపాడదు. అందుకే యూపీఎస్ ఒక్కటే ఉంటే దాన్ని కోఆర్డినేటర్‌కీ, స్విచ్‌కీ, మెటాస్టోర్ నడిచే మెషీన్‌కీ ఇవ్వండి.

వెర్షన్ మార్చేటప్పుడు నాలుగూ ఆపి, నాలుగింటి మీదా ఒకే వెర్షన్ వేసి, కోఆర్డినేటర్‌ని ముందు లేపండి. రెండు వెర్షన్లు కలిపి నడపకూడదు. ట్రీనో విడుదలలు తరచుగా వస్తాయి, ప్రతిదానికీ పరిగెత్తక్కర్లేదు. మీరు దాటేసిన విడుదలల నోట్స్ అన్నిటిలోనూ 'బ్రేకింగ్ చేంజ్' గుర్తున్న వరసలు చదివి, తీసేసిన సెట్టింగులు మీ ఫైళ్లలో ఉంటే ముందే తొలగించి అప్పుడు మార్చండి.